సూది బల్ల నుంచి చెత్త సంచి దాకా: చిన్న క్లినిక్‌లో రోగి భద్రత

ఒక డాక్టరు, ఒక సిస్టర్, ఒక కాంపౌండరు, ఊడ్చి తుడిచే ఒక ఆయా. మండల కేంద్రాల్లోనూ పట్నం సందుల్లోనూ ఉండే క్లినిక్‌లు చాలావరకు ఈ నలుగురితోనే నడుస్తాయి. సాయంత్రం ఆరయ్యేసరికి బెంచీలు నిండుతాయి, గుమ్మం బయట చెప్పుల గుట్ట పెరుగుతుంది, లోపల ఎవరికీ చేయి ఆగదు. పెద్దాసుపత్రుల్లో ఇన్‌ఫెక్షన్ల సంగతి చూసుకోవడానికి విడిగా ఒక కమిటీ ఉంటుంది. ఇక్కడ ఆ పనీ ఈ నలుగురిదే.

ఇలాంటి చోట ప్రమాదం ఎక్కువగా శుభ్రంగా కనిపించే అలవాటు చాటునే వస్తుంది. మరిగే నీళ్లలో ఉడికించిన కత్తెర, స్పిరిట్‌లో నానిన దూది, లోపల లైటు వెలుగుతున్న ఫ్రిజ్: మూడూ చూడటానికి బాగానే ఉంటాయి, మూడింటినీ చూసి నమ్మడానికి లేదు. అందుకే కింద చెప్పే పనులన్నిట్లో కొలవడం, తేదీ వేయడం, రాసిపెట్టడం మాటిమాటికీ వస్తాయి.

సూది వేసే బల్ల

ముందు తేల్చుకోవాల్సింది సూది అసలు అవసరమా అని. "సూదేస్తే గానీ తగ్గదు డాక్టరుగారూ" అనేవాళ్లు రోజూ ఉంటారు. వాంతులు లేకుండా మింగగలిగే మనిషికి మామూలు జ్వరానికీ ఒళ్లు నొప్పులకీ మాత్ర చాలు. "గ్లూకోజు ఎక్కించండి" అన్నా అంతే, తాగగలిగినవాళ్లకు ఓఆర్‌ఎస్ సరిపోతుంది. ఈ మాట డాక్టరే కూర్చోబెట్టి చెప్పాలి. కాంపౌండరు మీదికి నెడితే అతను రోగి అడిగిందే చేస్తాడు.

వేయాల్సిందే అని తేలాక, మందు తీసే ట్రే బల్లకు ఒకవైపు, వాడిన సూదిని కోసే నీడిల్ కట్టర్ రెండోవైపు ఉండాలి. వాడిన సిరంజి ఎప్పుడూ మందు ట్రే మీదుగా వెళ్లకూడదు. రాసుకునే పుస్తకం, టీ గ్లాసు, ఫోను ఆ బల్ల మీదికి రాకూడదు.

ఇప్పుడు దూది నానేసే స్టీలు డబ్బా సంగతి. పొద్దున్నే దూది ఉండలు చేసి, స్పిరిట్ పోసి, మూత పెట్టి, రాత్రి దాకా అందులోంచే తీసి వాడటం దాదాపు ప్రతి క్లినిక్‌లో కనిపిస్తుంది. మూత తీసిన ప్రతిసారీ స్పిరిట్ ఆవిరవుతుంది. పలచబడ్డ స్పిరిట్ పని చేయదు. వేళ్లు పెట్టిన ప్రతిసారీ చేతి మీది సూక్ష్మజీవులు అందులో చేరతాయి. పైగా కొన్ని బాక్టీరియాలు గట్టి పొర కప్పుకుని స్పోర్లుగా మారతాయి, అవి స్పిరిట్‌కు అసలు చావవు. సూది కురుపులకు ఇదీ ఒక దారి. దూది పొడిగా ఉంచి, ప్రతి రోగికీ అప్పటికప్పుడు సీసాలోంచి ఒక ఉండ మీద స్పిరిట్ పోయాలి. లేదంటే ఒక్కొక్కటిగా ప్యాక్ చేసిన స్వాబ్‌లు కొనాలి. చర్మాన్ని మధ్య నుంచి బయటికి 30 సెకన్లు తుడిచి, మరో 30 సెకన్లు ఆరనివ్వాలి. నోటితో ఊదితే, చేత్తో విసిరితే తుడిచిన పని వృథా. టీకాకైతే శుభ్రంగా ఉన్న చర్మానికి స్పిరిట్ అక్కర్లేదు, మట్టి ఉంటే సబ్బు నీళ్లతో కడిగితే చాలు.

సిరంజి, సూది రెండూ ప్రతి రోగికీ కొత్తవే కావాలి. సూది మాత్రం మార్చి అదే సిరంజి వాడితే, కంటికి కనపడనంత రక్తం వెనక్కి వచ్చి సిరంజిలో నిలిచి ఉంటుంది. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వైరస్ ఆరిపోయిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతికి ఉంటుంది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో హెపటైటిస్-బి ఒక్కసారిగా వ్యాపించి పదుల మంది చనిపోయారు. వాడిన సిరంజిలు మళ్లీ వాడటమే దానికి కారణమని తేలింది.

చాలామందికి వేసే మందు బుడ్డి విషయంలో మూడు పొరపాట్లు జరుగుతాయి. మూతకు ఒక సూది గుచ్చి రోజంతా వదిలేస్తారు, అది గాలికీ క్రిములకూ తెరిచిన తలుపు. తెరిచిన తేదీ వేయరు. పొడి మందు కలపడానికి ఒకే 500 మి.లీ. సెలైన్ బాటిల్‌ను అందరికీ వాడతారు. పొద్దున ఒక్కసారి అది కలుషితమైతే సాయంత్రం దాకా వచ్చినవాళ్లందరికీ అదే ఎక్కుతుంది. కలపడానికి 5 లేదా 10 మి.లీ. స్టెరైల్ (క్రిముల్లేని) వాటర్ ఆంపుల్ (ఒక్కసారికే వాడే చిన్న బుడ్డి) వాడి, మిగిలింది పారేయాలి. మొద్దుబార్చే లిగ్నోకెయిన్ లాంటి మందు బుడ్డి తెరవగానే బాల్‌పెన్నుతో లేబుల్ మీద తేదీ వేసి, 28 రోజుల తర్వాత కొద్దిగా మిగిలి ఉన్నా తీసేయాలి. కంపెనీ ఇంకా తక్కువ గడువు చెబితే అదే పాటించాలి. ప్రతిసారీ రబ్బరు మూతను స్పిరిట్‌తో తుడిచి, ఆరాకే గుచ్చాలి.

పిరుదు మీద వేసేటప్పుడు దాన్ని నాలుగు భాగాలుగా ఊహించుకుని, పైన, బయటివైపు ఉండే భాగంలోనే వేయాలి. నిలబెట్టి, చీర కొద్దిగా జరిపి, అందిన చోట పొడవడం వల్లే సూది కాలికి వెళ్లే సయాటిక్ నరానికి తగిలి పాదం వాలిపోతుంది. పడుకోబెడితే చోటు తెలుస్తుంది, కళ్లు తిరిగినా పడిపోరు. మూడేళ్లలోపు పిల్లలకు పిరుదు మీద వద్దు, తొడ బయటివైపు మధ్యభాగంలో వేయాలి.

వేశాక సూదికి మూత పెట్టకూడదు. సూది గుచ్చుకునే ప్రమాదాలు ఆ మూత పెట్టేటప్పుడు చాలా జరుగుతాయి. కట్టర్‌లో సూది కోసి, సిరంజిని ఎర్ర సంచిలో వేయాలి. కట్టర్ లేకపోతే సూదితో సహా తెల్ల డబ్బాలోకి. ఆ డబ్బా నాలుగింట మూడు వంతులు నిండగానే మూసేయాలి.

సూది గుచ్చుకుంటే

వేలిని పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్ గానీ బ్లీచింగ్ గానీ పోయకూడదు. పారే నీళ్ల కింద సబ్బుతో కడగాలి. ఆ సూది ఎవరికి వేసిందో వెంటనే రాసుకుని, ఆ మనిషిని బతిమాలి అయినా హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సి పరీక్షలకు ఒప్పించాలి. హెచ్‌ఐవీ నివారణ మందు రెండు గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటితే ఇక ప్రయోజనం ఉండదు. మొదలుపెడితే 28 రోజులు ఆపకుండా వాడాలి. ఈ మందు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో దొరుకుతుంది. ఆ రెండు చోట్ల ఫోన్ నంబర్లు సూది బల్ల పక్క గోడకు అంటించి ఉండాలి, కంగారులో ఎవరూ వెతుక్కోలేరు.

అంతకన్నా ముందు జరగాల్సింది హెపటైటిస్-బి టీకా. 0, 1, 6 నెలలకు మూడు డోసులు. ఆఖరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు రక్తంలో యాంటీబాడీ చూసుకుంటే మి.లీ.కి 10 మిల్లీ యూనిట్లు, ఆపైన ఉండాలి. ఈ టీకా ఆయాకు కూడా వేయించాలి. చెత్త సంచిలో దాగిన సూది ముందుగా తగిలేది ఆమె చేతికే, అయినా చాలాచోట్ల ఆమె పేరే జాబితాలో ఉండదు.

ఉడికించడం స్టెరిలైజేషన్ కాదు

నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ధనుర్వాతం తెచ్చే బాక్టీరియా స్పోర్లు ఆ వేడికి పోవు. కుట్లు వేసే, చీము తీసే పనిముట్లకు, ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ తప్పనిసరి. చిన్న క్లినిక్‌లలో ఉండేది ప్రెషర్ కుక్కర్ లాంటి నిలువు డబ్బా. దాన్ని సరిగ్గా వాడితే చాలు, ఖరీదైన యంత్రం అక్కర్లేదు.

ముందు కడగడం. రక్తం ఎండిపోకముందే పనిముట్టును సబ్బు నీళ్లలో ముంచి, కీలు తెరిచి, పళ్ల సందుల్లోకి వెళ్లేలా బ్రష్‌తో నీటి కిందే రుద్దాలి. పైకి ఎత్తి రుద్దితే తుంపరలు కళ్లలో పడతాయి. కత్తెర, ఫోర్సెప్స్ మూసి పెడితే ఆవిరి లోపలికి పోదు, కీలు తెరిచే చుట్టాలి. రెండు పొరల కాటన్ గుడ్డ చాలు. డ్రమ్ము వాడితే పక్కనున్న చిల్లులు తెరిచి పెట్టాలి, బయటికి తీయగానే మూయాలి. ఆ రెండిట్లో ఒకటి మరిచిపోవడం చాలా మామూలు.

అడుగున హీటరు మునిగేదాకా నీళ్లు. బోరు నీళ్లు పోస్తే హీటరు మీద సున్నం పేరుకుంటుంది, డిస్టిల్డ్ వాటర్ మంచిది. మూటలను కుక్కి పెట్టకూడదు, వాటి మధ్య అరచేయి దూరేంత ఖాళీ ఉండాలి.

అసలు కిటుకు గాలి తీయడంలో ఉంది. మూత బిగించి, ఆవిరి వాల్వు తెరిచే ఉంచి వేడి చేయాలి. మొదట గాలి, ఆవిరి కలిసి చీదినట్టు వస్తాయి. తర్వాత ఆవిరి తెంపు లేకుండా ధారగా వస్తుంది. ఆ ధార మొదలయ్యాక ఐదు నిమిషాలు పోనిచ్చి అప్పుడు వాల్వు మూయాలి. తొందరపడి మూస్తే లోపల గాలి చిక్కుకుంటుంది. ఒత్తిడి చూపే గేజీ 15 పౌండ్లు (చదరపు అంగుళానికి) చూపిస్తుంది గానీ లోపలి వేడి 121 డిగ్రీలకు చేరదు. చూసేవాళ్లకు అంతా సరిగ్గానే ఉంటుంది, పనిముట్లు మాత్రం స్టెరైల్ కావు. గేజీ 15 చూపించి, ఉష్ణోగ్రత 121 చేరాకే టైమ్ లెక్కించాలి: గుడ్డలో చుట్టినవాటికి 30 నిమిషాలు, చుట్టకుండా పెట్టినవాటికి 20. కరెంటు పోయి మధ్యలో ఒత్తిడి పడిపోతే మళ్లీ సున్నా నుంచి.

గేజీ సున్నాకు దిగాక మూత కొంచెం తెరిచి మూటలు ఆరనివ్వాలి. తడి మూట స్టెరైల్ కాదు, తడి గుండా క్రిములు లోపలికి పోతాయి. పొడి మూటల మీద తేదీ వేసి బీరువాలో పెట్టాలి. గుడ్డ మూటలను వారంలోపు వాడేయడం మంచి అలవాటు. చిరిగినా, తడిసినా, కిందపడినా ఆ రోజే మళ్లీ పెట్టాలి.

మూటకు అంటించే, వేడికి రంగు మారే టేపు నల్ల గీతలు చూపిందంటే అది వేడికి తగిలిందని మాత్రమే. లోపల చాలినంత సేపు ఆవిరి ఉందో లేదో చెప్పేది మూట మధ్యలో పెట్టే ఇండికేటర్ స్ట్రిప్. క్రిములు నిజంగా చచ్చాయో లేదో చెప్పేది బతికున్న స్పోర్లు పూసిన స్పోర్ స్ట్రిప్. వారానికోసారి ఒకటి మూటల మధ్యలో పెట్టి, ఆటోక్లేవ్‌లో పెట్టని మరొకదానితో కలిపి ల్యాబుకు పంపాలి. పెట్టనిదాంట్లో బాక్టీరియా పెరగాలి, పెట్టినదాంట్లో పెరగకూడదు. రెంటిలోనూ పెరగకపోతే స్ట్రిప్పే పాడయిందని, ఆటోక్లేవ్ బాగుందని కాదు.

ఆటోక్లేవ్‌లో పెట్టలేనివాటికి క్రిములను చంపే రసాయనం, 2 శాతం గ్లుటరాల్డిహైడ్ వాడతారు. 20 నిమిషాలు ముంచితే స్పోర్లు తప్ప దాదాపు అన్నీ పోతాయి, స్పోర్లు కూడా పోవాలంటే 10 గంటలు. యాక్టివేటర్ కలిపిన ద్రావణం మామూలుగా 14 రోజులే పని చేస్తుంది, కలిపిన తేదీ డబ్బా మీద ఉండాలి. కిటికీ తెరిచి, గ్లవ్స్ వేసుకుని వాడాలి. తీసిన పనిముట్టును స్టెరైల్ నీళ్లతో కడగకుండా రోగి మీద పెట్టకూడదు.

చేతులు, నేల, గాలి

చేతికి మురికి కనిపించకపోతే ఆల్కహాల్ రబ్ 20 నుంచి 30 సెకన్లు, కనిపిస్తే సబ్బు నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు. సింకు పక్కన వేలాడే ఒకే తువ్వాలు అందరి చేతులనూ మళ్లీ మురికి చేస్తుంది. పాత నూలు గుడ్డను చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కోటి ఒక్కసారే వాడి ఉతకడానికి వేస్తే ఖర్చు లేకుండా పని జరుగుతుంది. గ్లవ్స్ వేసుకున్నా, తీశాక చేతులు కడగాల్సిందే.

రక్తం కారిన చోట ముందు దూది లేదా పాత గుడ్డ కప్పి, దాని మీద 1 శాతం హైపోక్లోరైట్ (క్లోరిన్ బ్లీచ్ ద్రావణం) పోసి, 10 నిమిషాలు ఆగి తీయాలి. షాపులో దొరికే 5 శాతం ద్రావణం ఒక పాలుకు నాలుగు పాళ్ల నీళ్లు కలిపితే 1 శాతం. బ్లీచింగ్ పౌడరైతే, 33 శాతం క్లోరిన్ ఉన్నది లీటరుకు 30 గ్రాములు. ఏ రోజుది ఆ రోజే కలపాలి, ఎండ తగిలితే బలం పోతుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, ఊపిరాడనివ్వని క్లోరిన్ వాయువు పుడుతుంది.

రెండు వారాలుగా దగ్గుతున్న మనిషి బెంచీ చివర ఎదురుచూడకూడదు. మాస్కు ఇచ్చి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, వరసలో ముందుకు పిలవాలి. డాక్టరు గదిలో ఏసీ వేసి తలుపులు మూస్తే టీబీ రోగి వదిలిన గాలే రోజంతా తిరుగుతుంది. గాలి డాక్టరు వెనక నుంచి వచ్చి, రోగిని దాటి, కిటికీలోంచి బయటికి పోయేలా కుర్చీలు వేసుకోవాలి. టీబీ అని తేలితే ప్రభుత్వ టీబీ పోర్టల్ ని-క్షయ్‌లో నమోదు చేయడం 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లకూ తప్పనిసరి.

ఫ్రిజ్

లోపల 2 నుంచి 8 డిగ్రీలు. లోపలి లైటు ఈ సంగతి చెప్పదు, మధ్య అరలో పెట్టిన థర్మామీటరు చెబుతుంది. పొద్దున తెరిచేటప్పుడు ఒకసారి, సాయంత్రం మూసేటప్పుడు ఒకసారి చూసి రాయాలి.

వేడి కన్నా గడ్డకట్టడమే ఎక్కువ మోసం చేస్తుంది. ధనుర్వాతం టీకా, హెపటైటిస్-బి టీకా ఒకసారి గడ్డకడితే కరిగాక మామూలుగానే కనిపిస్తాయి, పని మాత్రం చేయవు. ఇన్సులిన్ కూడా అంతే. ఫ్రీజర్ పలక కింద, వెనక గోడకు ఆనించి వీటిని పెట్టకూడదు. తలుపు అరలు మాటిమాటికీ వేడెక్కుతాయి కాబట్టి అక్కడా వద్దు. మధ్య అరలో చిల్లులున్న బుట్టలో ఉంచి, కింది అరలో నీళ్ల సీసాలు నింపితే కరెంటు పోయినా చల్లదనం నిలుస్తుంది. టిఫిన్ బాక్సులు, మజ్జిగ ప్యాకెట్లు ఈ ఫ్రిజ్‌లోకి రాకూడదు, తలుపు ఎన్నిసార్లు తెరిస్తే అంత నష్టం.

గడ్డకట్టిందేమో అని అనుమానం వస్తే ఊపి చూసే పరీక్ష ఉంది. అదే కంపెనీ, అదే బ్యాచ్ బుడ్డి ఒకటి కావాలని రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, కరిగించాలి. దాన్నీ అనుమానం ఉన్న బుడ్డినీ కలిపి పట్టుకుని 10, 15 సెకన్లు ఊపి, పక్కపక్కన నిలబెట్టి అరగంట దాకా గమనించాలి. గడ్డకట్టినదాంట్లో మడ్డి త్వరగా దిగి పైన నీళ్లు తేరుకుంటాయి. అనుమానం ఉన్న బుడ్డి కూడా అంతే వేగంగా తేరుకుంటే పారేయాల్సిందే.

వేసవిలో మందుల బీరువానూ మరవకూడదు. రెంటచింతల, రామగుండం ఎండలకు రేకుల గదిలో పెట్టిన మందులు మాడిపోతాయి. చాలా మాత్రల మీద 30 డిగ్రీలు మించకూడదనో 25 మించకూడదనో రాసి ఉంటుంది. ఆ గదిలోనూ ఒక థర్మామీటరు వేలాడాలి.

పడని మందు, పడిపోయిన మనిషి

"మీకు ఎలర్జీ ఉందా?" అని అడిగితే చాలామంది లేదంటారు. "ఎప్పుడైనా ఏదైనా మందు పడలేదా? దద్దుర్లు గానీ, మూతి వాపు గానీ, ఆయాసం గానీ వచ్చిందా?" అని అడిగితే గుర్తు తెచ్చుకుని చెబుతారు. చెప్పింది చీటీ పైన ఎర్ర సిరాతో రాయాలి. సూది వేశాక 30 నిమిషాలు బెంచీ మీదే కూర్చోబెట్టాలి. టెస్ట్ డోసు వేసి చూశాం కదా అని పంపేయకూడదు, టెస్ట్‌లో ఏమీ రాని మనిషికి అసలు డోసుతో రియాక్షన్ రావచ్చు.

సూది తర్వాత ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగింపు, పిల్లికూతలు, చెమటలతో కళ్లు తిరగడం కనిపిస్తే మొదటి మందు అడ్రినలిన్. ఇక్కడే ప్రాణాలు పోతాయి: ముందు ఎలర్జీకి వాడే ఎవిల్, డెక్సా వేసి చూద్దాం అని పది నిమిషాలు గడిపేస్తారు. ఆ రెండూ గొంతు వాపునూ పడిపోతున్న బీపీనీ అప్పటికప్పుడు ఆపలేవు. 1 మి.లీ.కి 1 మి.గ్రా. ఉండే అడ్రినలిన్ ఆంపుల్ తీసుకుని, పెద్దవాళ్లకు 0.5 మి.లీ. తొడ బయటివైపు మధ్యలో, కండలోకి వేయాలి. పిల్లలకు కిలో బరువుకు 0.01 మి.లీ., అంటే 10 కిలోల బిడ్డకు 0.1, 20 కిలోలకు 0.2. ఇంత చిన్న కొలతకు 1 మి.లీ. సిరంజి వాడాలి. ఐదు నిమిషాల్లో కోలుకోకపోతే మళ్లీ అంతే. కాళ్లు ఎత్తుగా పెట్టి వెల్లకిలా పడుకోబెట్టాలి. ఆయాసం ఎక్కువైతే కూర్చోనివ్వవచ్చు గానీ నిలబెట్టకూడదు, నడిపించకూడదు. లేచి నిలబడగానే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆక్సిజన్, సెలైన్ పెట్టి, ఆలోపే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ ఆంపుల్స్ ఒకే ట్రేలో ఉండకూడదు, పేర్లూ ఆకారాలూ దగ్గరగా ఉంటాయి. అడ్రినలిన్ గోధుమరంగుకు తిరిగితే గడువు ఉన్నా పారేయాలి. ఎమర్జెన్సీ ట్రేకు తాళం వేయకూడదు. మూత లోపలివైపు ఆంపుల్స్ పేర్లు, ఎన్ని ఉన్నాయో, గడువు తేదీ, పైన చెప్పిన డోసుల పట్టిక అంటించాలి. ప్రతి నెల 1వ తేదీన ఒకరు చూసి సంతకం పెట్టాలి.

ఆక్సిజన్ సిలిండరు ఎంతసేపు వస్తుందో ముందే లెక్క తెలిసి ఉండాలి. సిలిండరులో ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో ఆ అంకెను గేజీ మీది బార్లతో (ఒత్తిడి కొలత) గుణించాలి. 10 లీటర్ల బి-టైప్ సిలిండరులో 100 బార్ ఉంటే 1000 లీటర్లు, నిమిషానికి 10 లీటర్లు ఇస్తే 100 నిమిషాలు. తాళం చెవి సిలిండరు మెడకే గొలుసుతో కట్టి ఉండాలి. నిండు సిలిండరు ఉండి, తాళం చెవి దొరక్క ఇవ్వలేకపోవడం చాలాచోట్ల జరిగేదే.

ఇంకొకటి బెంచీ దగ్గరే పట్టుకోవాలి. "గ్యాస్ పట్టేసింది, ఒక సూదేయించండి" అని వచ్చిన నలభై దాటిన మనిషికి చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే అతను వరసలో కూర్చోకూడదు. చీటీ రాసేవాళ్లకు ఈ ఒక్క విషయం నేర్పితే ప్రాణాలు నిలుస్తాయి. వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. యంత్రం లేకపోతే ఆస్పిరిన్ పడని చరిత్ర, రక్తస్రావం లేవని చూసి 300 లేదా 325 మి.గ్రా. నమిలించి, 108లో పంపాలి, బండి మీద వెనక కూర్చోబెట్టి కాదు.

చీటీ

ఒకే ఊరి నుంచి నలుగురు వెంకటేశ్వర్లు, అయిదుగురు లక్ష్ములు వస్తారు. "లక్ష్మిగారంటే మీరేనా?" అంటే చెవుడున్న పెద్దావిడ దేనికైనా తలూపుతుంది. "అమ్మా, మీ పేరు, ఇంటిపేరు చెప్పండి, వయసెంత?" అని ఆమె చేతనే చెప్పించి, చీటీతో పోల్చుకున్నాకే సూదైనా మందైనా.

మందు పేరు జనరిక్ పేరుతో, విడివిడి పెద్ద అక్షరాల్లో రాయాలి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద ఉండాలి. సగం మాత్రను 0.5 అని రాయాలి గానీ .5 అని కాదు, చుక్క కనపడకపోతే అయిదవుతుంది. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. చీటీ మీద "ప్రతి ఆదివారం మాత్రమే, మిగతా రోజుల్లో వద్దు" అని తెలుగులో రాయాలి.

పిల్లల పారాసిటమాల్ ఒక్కటి చూస్తే చాలు, ఎంత సులువుగా తప్పు జరుగుతుందో అర్థమవుతుంది. కిలోకు 15 మి.గ్రా. చొప్పున 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. కావాలి. 5 మి.లీ.లో 125 ఉన్న సిరప్పైతే అది 6 మి.లీ. 5 మి.లీ.లో 250 ఉన్నదైతే 3 మి.లీ. 1 మి.లీ.లో 100 ఉన్న చుక్కల మందైతే 1.5 మి.లీ. చీటీ మీద "పారాసిటమాల్ 6 మి.లీ." అని మాత్రమే ఉండి, షాపులో చుక్కల మందు ఇస్తే బిడ్డ కడుపులోకి 600 మి.గ్రా. పోతుంది, నాలుగింతలు. అందుకే బలం, కొలత, ఎడం మూడూ రాయాలి: సిరప్ 125/5, 6 మి.లీ., జ్వరం ఉంటేనే, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లు మించకుండా. ఇంటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత, సీసాతో వచ్చే మూతలోనే పోయమనాలి. పంపేముందు "ఇంటికెళ్లాక ఎలా పోస్తావో చూపించమ్మా" అని తల్లి చేత గీత దాకా నీళ్లు పోయించాలి. అర నిమిషం పని.

కొలిచే పరికరాలు

బీపీ చూసేముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి: వీపు ఆనించి, పాదాలు నేల మీద, చేయి గుండె ఎత్తులో, మాట్లాడించకుండా. బొద్దు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది, జీవితాంతం మందు అంటగడతాం. రెండు సైజుల కఫ్‌లు కొనాలి. షుగరు చూసేముందు వేలు నీళ్లతో కడిగి ఆరనివ్వాలి. అరటిపండు తిన్న వేలితో తీస్తే షుగరు అమాంతం పెరిగినట్టు చూపిస్తుంది. వేలు గుచ్చే లాన్సెట్ ఎవరిది వారికే, పెన్ను లాంటి గుచ్చే పరికరం ఇద్దరికి వాడకూడదు.

చెత్త

2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు పడకలు లేని క్లినిక్‌కూ వర్తిస్తాయి. రక్తం అంటిన దూది, కట్లు, గడువు తీరిన మందులు పసుపు సంచిలోకి. సూది తీసిన సిరంజిలు, సెలైన్ గొట్టాలు, గ్లవ్స్ ఎర్రదాంట్లోకి. సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి. పగిలిన ఆంపుల్స్, గాజు బుడ్లు నీలం గుర్తున్న పెట్టెలోకి. సిరంజి కవర్లు, కాగితాలు మామూలు చెత్త. వాటిని పసుపు సంచిలో కుక్కితే బరువు పెరిగి బిల్లు పెరుగుతుంది. పసుపు సంచి 48 గంటలు మించి క్లినిక్‌లో ఉండకూడదు. కాబట్టి చెత్త తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం చేసుకునేటప్పుడే బండి ఎన్ని రోజులకోసారి వస్తుందో కాగితం మీద రాయించుకోవాలి. సంచులకు బార్‌కోడ్, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, ఏటా జూన్ 30లోపు వార్షిక నివేదిక తప్పవు. వెనక సందులో తగలబెట్టడం నేరం, ఆ పొగ పీల్చేది పక్కింటి పిల్లలు.

కాగితాలు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్య సంస్థలకు 2002 నాటి రాష్ట్ర చట్టం, తెలంగాణలో 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంటుంది. రెండు చోట్లా వెళ్లాల్సింది జిల్లా వైద్యారోగ్య శాఖ దారిలోనే. సర్టిఫికెట్, ఫీజుల పట్టిక రోగికి కనిపించే గోడ మీద ఉండాలి. ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ అల్లోపతిక్ క్లినిక్‌లకు విడిగా ప్రమాణాలు పెట్టింది. గుర్తింపు కోసం దరఖాస్తు చేస్తే వచ్చేవాళ్లు చూసేవి ఎక్కువగా ఇవే: ఫ్రిజ్ పుస్తకం, ఆటోక్లేవ్ పుస్తకం, ఎమర్జెన్సీ ట్రే సంతకాలు.

వీటితో పాటు ఒక 100 పేజీల నోటుబుక్కు పెట్టాలి, పొరపాట్ల కోసం. తేదీ, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం మార్చాం, నాలుగే గళ్లు. ఎవరు చేశారన్న గడి వద్దు. పేరు రాస్తే రెండో రోజు నుంచి ఎవరూ ఏమీ చెప్పరు. జరగబోయి ఆగిన తప్పు కూడా ఎక్కించాలి: వేరే లక్ష్మి సూది చేతిలోకి తీసుకుని, పేరు అడిగాక ఆపడం లాంటిది. శనివారం ఓపీ అయ్యాక పది నిమిషాలు నలుగురూ కూర్చుని ఆ వారం రాసినవి పైకి చదవాలి, ఆయా కూడా ఆ కుర్చీల్లోనే కూర్చోవాలి.

తప్పు రోగి దాకా వెళ్లినప్పుడు డాక్టరే స్వయంగా, అదే రోజు చెప్పాలి: "పెద్దమ్మా, ఇందాక మీకు ఇవ్వాల్సిన మందు బదులు వేరేది ఇచ్చాం. తప్పు మాదే. దీనివల్ల కళ్లు తిరగొచ్చు, అందుకని రెండు గంటలు ఇక్కడే ఉండండి, అరగంటకోసారి బీపీ చూస్తాం. మీ అబ్బాయికి ఫోన్ చేసి నేనే చెబుతాను." ఆ బీపీ అంకెలు, ఫోన్ చేసిన సమయం ఆమె చీటీ వెనకే రాసి, ఒక నకలు క్లినిక్‌లో ఉంచాలి.